రేవు సంగతి: మస్కట్ నుంచి పెద్దన్నయ్యకి

మస్కట్,
ఆగస్టు 3

పెద్దన్నయ్యకి, వదినకి నమస్కారాలు. అమ్మకి నా పాదాభివందనాలని చెప్పు. నేను ఇక్కడ క్షేమం. పని ఎప్పట్లాగే ఉంది, ఎండ కూడా ఎప్పట్లాగే ఉంది, రాసేదేం లేదు. అమ్మ బీపీ మాత్ర పొద్దున్నే వేసుకుంటోందా, మళ్లీ "తల తిరిగితే వేసుకుంటాలే" అంటోందా? తిరక్కపోయినా వేసుకోమను.

బాబాయి వాళ్ల బుజ్జిగాడు రేవు ముందు తవ్విన గొయ్యిలో మునిగి పోయాక, ఫోన్లో మాట్లాడదామంటే ఇద్దరికీ గొంతు పూడుకుపోతోంది. వాట్సాప్‌లో పెడితే సాయంత్రానికి ఊరంతా చదివేస్తుంది. అందుకే కాగితం మీద రాసి, సెలవుకొస్తున్న రాజోలు అబ్బాయి చేతికిస్తున్నాను. బాబాయికి నువ్వే చదివి వినిపించు. పిన్ని అటుగా వస్తే మాత్రం ఆపెయ్.

మొన్న తమ్ముడు ఫోన్ చేసి ఒక్క మాటన్నాడు. "అన్నయ్యా, ఆ ట్రాక్టరు జోలికి ఎవర్నీ వెళ్లనివ్వకండి. బుజ్జిగాడు దాని మీద ఎక్కి తిరిగేవాడు." అంతే, పెట్టేశాడు.

బాబాయి కోపంలో న్యాయం లేదని నేననను. ఆ ట్రాక్టరాయన అనుమతి లేకుండా కాలవలో మట్టి తవ్వడం తప్పే. ఫిర్యాదు ఇచ్చారు కదా, అది స్టేషన్లో తేలనివ్వండి, వెనక్కి తీసుకోమని ఎవరూ అడగట్లేదు. తమ్ముడు వద్దంటున్నది ట్రాక్టరు తగలబెట్టడం. ఆయన పెళ్లానికి కొట్లో సరుకివ్వకపోవడం. వాళ్లింటి ముందు నుంచి వెళ్తూ ఉమ్మెయ్యడం. మన ఊళ్లో ఇంటిస్థలం మెరక చేసుకోని వాడెవడు? వేసవిలో కాలవకి నీళ్లు కట్టేసిన నెలన్నరలో ఎవరి వీలుని బట్టి వాళ్లు తవ్వుకున్నవాళ్లే. మన పాకస్థలం మెరకకి నాన్న తోలించిన మట్టి ఎక్కడిదో అమ్మనడుగు. ఆయన తవ్వింది రేవు ముందు, అదీ తేడా. ఆయన కొడుకుది బుజ్జిగాడి తరగతే. ఆ పూట కేకలేస్తూ ఊళ్లోకి పరిగెత్తుకొచ్చినవాడు వాడే. ఆ రోజు నుంచీ బడికి వెళ్లట్లేదని వదిన చెప్పింది.

ఇక్కడ కూర్చుని నీతులు చెప్తున్నాడని అనుకోకండి. రావలసిన రోజున రాలేదు, నాకు తెలుసు. టిక్కెట్టు గురించి ఇంకోసారి రాస్తాను.

తమ్ముడు రేవుకి ఏదైనా చెయ్యాలంటున్నాడు కాబట్టి, నీళ్ల దగ్గర ఉండే ఉద్యోగం నాది కాబట్టి, నాకు తెలిసినంత వరకూ రాస్తున్నాను. జాగ్రత్తగా చదువు.

ముందు ఆ గొయ్యి. దాన్ని ఇప్పుడు పూడ్చొద్దు. కుర్రాళ్లు ఇసుక బస్తాలు వేసేద్దామంటున్నారని విన్నాను. నిండా పారే కాలవలో బస్తాలేస్తే నీరు వాటి పక్కనించి ఒరుసుకుని పోయి, పక్కనే ఇంకో గొయ్యి తవ్వుతుంది. అది ఎక్కడ పడిందో ఎవరికీ తెలీదు. పైగా కాలవకి అడ్డం వెయ్యడం ఇంకో తప్పు. ఈ సార్వా పంటకాలమంతా ఆ రేవు మూసెయ్యండి. మెట్ల దగ్గర సరుగుడు గుంజలు పాతి, అడ్డంగా వెదురు గెడలు కట్టి, తడిక పెట్టండి. ముళ్లకంప వెయ్యొద్దు, పిల్లలు దాన్ని సందులోంచి దాటాలనే చూస్తారు. బట్టలకీ గేదెలకీ పై రేవు వాడుకోండి. ఆ పై రేవుని కూడా ముందు కొలవండి. పొడుగాటి గెడకి అడుగు అడుక్కీ ఎర్ర రంగు పూసి, పడవ మీంచి మెట్ల నుంచి మొదలెట్టి రెండేసి అడుగులకో చోట దింపి చూసుకుంటూ పోవాలి. పడవ లేకపోతే నడుముకి తాడు కట్టుకున్న ఒక్క మనిషి దిగాలి, ఒడ్డున ఇద్దరు పట్టుకోవాలి. గెడ ఉన్నట్టుండి రెండడుగులు ఎక్కువ దిగిందంటే అక్కడేదో ఉన్నట్టే.

గొయ్యి ఎందుకు చంపుతుందో బాబాయికి చెప్పు. ఆయన "వాడికి ఆ రేవు పుట్టినప్పట్నించీ తెలుసు కదరా" అంటున్నాడట. తెలియబట్టే పోయాడు బాబాయ్. రేవు పిల్లల కాళ్లకి తెలుస్తుంది, కళ్లకి కాదు. మోకాలు, నడుము, రొమ్ము, అలా పాదం తడుముకుంటూ దిగుతారు. జేసీబీ తవ్విన గొయ్యికి వాలు ఉండదు, గోడలా నిటారుగా దిగిపోతుంది. ఒక అడుగు రొమ్ములోతు, తర్వాతి అడుగు తలమునక. వెనక్కి ఎక్కుదామంటే బంకమట్టి జారుతుంది, పట్టుకోవడానికి మొక్క వేరు కూడా ఉండదు. ఈ నెలల్లో గోదారి ఎర్రనీరు వస్తుంది, మోకాలి లోతులో ఉన్న కాలు కూడా కనపడదు. పైన చూస్తే కాలవ ఎప్పట్లాగే ఉంటుంది.

కేక కూడా వినపడదు. మునిగేవాడు "రక్షించండి" అంటూ చేతులూపుతాడనుకుంటాం. వాడి దగ్గర గాలి ఉంటే కదా అరవడానికి. నిలువుగా ఉంటాడు, తల వెనక్కి వాలి ఉంటుంది, నోరు నీటిమట్టానికి వస్తూ పోతూ ఉంటుంది, చేతులు పక్కకి చాచి నీళ్లని కిందకి నొక్కుతుంటాడు. నిచ్చెన ఎక్కుతున్నట్టుంటుంది చూసేవాళ్లకి. 20 నుంచి 60 సెకన్లు, అంతే. పిల్లలైతే ఇంకా తక్కువ. అవతలి గట్టున బట్టలుతుకుతున్న ఆవిడ చూసి కూడా ఆడుకుంటున్నాడనుకుందట. ఆవిణ్ణి ఎవరూ ఏమీ అనొద్దు. ఆవిడ చోట ఎవరున్నా అలాగే అనుకునేవారు.

మన దూడ తేరుకుందా? వదిన ఫోటో పంపింది గానీ అందులో దాని తోకే కనిపించింది.

ఇక రేవుకి పెట్టాల్సిన సామాను. ఎక్కువ లేదు. పన్నెండడుగుల వెదురు గెడ ఒకటి. 5 లీటర్ల ఖాళీ నూనె డబ్బా ఒకటి, మూత గట్టిగా బిగిసేది. అందులో ఒక గ్లాసుడు నీళ్లు పొయ్యాలి, లేకపోతే తేలికై విసిరినప్పుడు గాలికి ఎటో పోతుంది. ఎక్కువ పోస్తే మళ్లీ మనిషిని మొయ్యదు. మూత చుట్టూ సైకిల్ ట్యూబు ముక్క బిగించి కట్టు. డబ్బా పిడికి 15 మీటర్ల తాడు.

తాడు దగ్గరే అందరూ పొరపడతారు. కొట్లో అడిగితే అన్నిటినీ నైలాన్ తాడనే ఇస్తారు. అసలు నైలాన్ నీళ్లలో మునుగుతుంది. మనకి కావాల్సింది పాలీప్రొపిలీన్ తాడు, అది తేలుతుంది, చిటికెనవేలంత లావుండాలి. సన్నదైతే తడిచేతుల్లోంచి జారి కోసేస్తుంది. మన కొబ్బరితాడు వద్దు, మనకెంత ఇష్టమైనా సరే. తడిసి బరువెక్కుతుంది, ఏడాదిలో కుళ్లిపోతుంది, అది ఏరోజు తెగుతుందో ఆ రోజే కావాల్సొస్తుంది.

విసరడం ఇలా. తాడు రెండో కొస కాలికింద తొక్కిపెట్టాలి, చేతికి చుట్టుకోకూడదు, చుట్టుకుంటే నిన్నూ లాగేస్తుంది. డబ్బా వాడి ముందు కాదు, తల మీదుగా అవతల పడాలి, అప్పుడు తాడు భుజం మీదకొస్తుంది. తాడు వాడికి తగలగానే కింద కూచోవాలి. నిలబడి లాగితే నువ్వూ నీళ్లలో పడచ్చు. పారే నీళ్లలో ఎదురు లాగొద్దు, తాడు వదలకుండా పట్టుకుని కూచుంటే నీరే మనిషిని ఒడ్డుకి తోస్తుంది. గెడ అందితే గెడ, అందకపోతే డబ్బా. ఏదీ లేకపోతే పంచె, చీర, అరటిబోదె, పీచు తియ్యని ఎండు కొబ్బరికాయ, ఏదైనా విసరచ్చు. దూకడం మాత్రం ఆఖరుది. మునిగేవాడు దొరికినదాని మీద ఎక్కేస్తాడు, అన్నయ్యా, అది తల్లి తల అయినా ఎక్కేస్తాడు. ఒకడితో మొదలై ముగ్గురు పోయారని పేపర్లో చదివేదంతా అదే.

2019 సెప్టెంబరు 15న గోదారిలో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగినప్పుడు 26 మంది బతికారు. తూటుగుంట ఊరివాళ్లు తమ పడవలేసుకుని వెళ్లి లాగారు. పై నుంచి సాయం వచ్చేదాకా ఆగలేదు. ఒడ్డున ఉన్నవాడి చేతిలో తేలే వస్తువు ఉండాలి, అంతే నేననేది.

డబ్బా, గెడ రేవు పక్కన కొబ్బరిచెట్టుకి వేలాడదియ్యండి, పెద్దాడి రొమ్ము ఎత్తున. తాళం వెయ్యొద్దు. ఎవరో ఎత్తుకుపోతారు, నాకూ తెలుసు, దూడ తాడుకి బాగుంటుంది కదా. ఎత్తుకుపోతే ఇంకోటి కట్టండి. నేను పంపే 40,000లో మొదట కొనేవి ఇవే, నాలుగు రేవులకి నాలుగు.

ఇప్పుడు చెప్పేది బాబాయికి చదవకు. నువ్వొక్కడివే చదువుకో.

ఆ రోజు బుజ్జిగాణ్ణి బయటికి తీశాక కాళ్లు పట్టుకుని గిరగిరా తిప్పారట, తర్వాత కుండ మీద బోర్లా వేసి పొట్ట నొక్కారట. ఎవరో నాకు తెలుసు. ఆయన మన తాతయ్య కాలం నుంచీ చూసిందే చేశాడు, ప్రాణం నిలబెడదామనే చేశాడు. అలా చేస్తే పొట్టలో నీళ్లొస్తాయి, ఊపిరి రాదు. నీళ్లు పోయాయి కదా అని అందరూ సంతోషిస్తారు, ఆ రెండు మూడు నిమిషాలే అసలైనవి. ఊపిరందక నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఈ సంగతి ఆయన ముఖం మీద ఎవరూ అనకూడదు, నువ్వూ అనకు. నేర్పించే రోజున మాత్రం మొట్టమొదట ఆయన్నే పిలువు. "నువ్వు బలంగా ఉంటావు, నువ్వు చూపించు" అని ఆయన చేతులే ముందు పెట్టించు.

పద్ధతి ఇది. గట్టుమీద గట్టినేల మీద వెల్లకిలా పడుకోబెట్టు. పిలువు, భుజం తట్టు. పలక్కపోతే, రొమ్ము లేవక ఊపిరి ఆడకపోతే, లేదా ఎప్పుడో ఒకసారి ఎగపీలుస్తుంటే, ఒకరిని 108కి ఫోన్ చెయ్యమని పేరు పెట్టి చెప్పు. "ఎవరైనా చెయ్యండి" అంటే ఎవరూ చెయ్యరు. నుదుటి మీద చెయ్యి పెట్టి తల వెనక్కి వంచి, గడ్డం పైకెత్తు. ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి 5 సార్లు ఊదు, ఒక్కోటి ఒక సెకను, రొమ్ము లేస్తోందా లేదా చూసుకుంటూ. గుండెజబ్బుతో పడిపోయినవాడికి నొక్కుడు ముందు, నీళ్లలో మునిగినవాడికి ఊపిరి ముందు. వాడి గుండె ఆగింది గాలి లేక. తర్వాత రొమ్ము నడిమధ్య, రెండు చనుమొనల మధ్య గీత మీద, మణికట్టు దగ్గరి అరచేతి మడమ ఆనించి 30 సార్లు నొక్కాలి. మళ్లీ 2 సార్లు ఊదాలి. మళ్లీ 30. పెద్దవాళ్లకి రెండు చేతులు, రెండంగుళాల లోతు. పిల్లలకి ఒక చెయ్యి చాలు, రొమ్ము మందంలో మూడోవంతు దిగాలి. నిమిషానికి 100 నుంచి 120, అంటే సెకనుకి దాదాపు రెండు. నొక్కాక చెయ్యి ఎత్తకుండానే బరువు పూర్తిగా వదలాలి, లేకపోతే గుండె నిండదు.

నోట్లోంచి నురగ వస్తుంది, తుడుస్తూ కూచోవద్దు. వాంతి అయితే పక్కకి తిప్పి వేలితో తీసేసి మళ్లీ మొదలెట్టు. రెండు నిమిషాలకో మనిషి మారాలి, ఎంత బలవంతుడైనా అంతకు మించి సరిగ్గా నొక్కలేడు. 108 వచ్చేదాకా ఆపొద్దు. కళ్లు తెరిచినా, లేచి కూచున్నా, "నాకేం కాలేదు" అన్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. ఊపిరితిత్తులు కొన్ని గంటల తర్వాత కూడా ఉబ్బచ్చు.

పీహెచ్‌సీ నర్సమ్మగారిని అడిగి చూడు, నొక్కి నేర్చుకునే బొమ్మ ఉంటే తెచ్చి చూపిస్తారేమో. బొమ్మ లేకపోతే గట్టి దిండు మీద నేర్చుకోండి. బతికున్న మనిషి మీద నొక్కి నేర్చుకోకూడదు.

కాగితం అయిపోతోంది, ఈత సంగతి మిగిలిపోయింది.

ఈత కాలవలో నేర్పొద్దు. మంచినీళ్ల చెరువు కుదరదు, చేపల చెరువు అసలే వద్దు, అందులో వేసే మేత, ఎరువు పిల్లల చెవుల్లోకి పోతాయి. గుడివెనక చెరువులో గుర్రపుడెక్క తీయించి, ఒక మూల నీళ్లలో మునిగి ఉండేలా వెదురుతో మంచె కట్టండి. సరుగుడు గుంజలు మూడడుగులు బురదలోకి దిగాలి. మంచె నేలకి వెదురు బద్దలు రెండు వేళ్ల సందుతో, అంతకంటే ఎక్కువుంటే పాదం ఇరుక్కుంటుంది. నీళ్లు పిల్లాడి రొమ్ము దాకానే ఉండాలి, చెరువు పెరిగినా తగ్గినా నేలని ఎత్తడానికి దించడానికి వీలుగా కట్టుకోండి. నాతో పనిచేసే బంగ్లాదేశ్ కుర్రాళ్ల ఊళ్లలో ఇలాగే నేర్పుతారు. వాళ్లదీ డెల్టానే, ఇంటింటికీ గుంటే. 25 మీటర్లు ఈదడం, 30 సెకన్లు ఉన్నచోట తేలడం, ఇవి వస్తే వచ్చినట్టు.

ఆరేళ్లు దాటిన పిల్లలు, ఒక్కో మనిషికి ఐదుగురు, ఆరో పిల్లాడు వద్దు. మొదటి నాలుగు రోజులూ ఈత లేదు, నీళ్లలో ముఖం పెట్టి బుడగలు ఊదడమే. ఊపిరి వదలడం రాని పిల్లాడు ఎన్ని చేతులు కొట్టినా అలిసిపోతాడు. తర్వాత వెల్లకిలా తేలడం. తర్వాత కాళ్లు. చేతులు ఆఖర్న. మనం నడుముకి కొబ్బరికాయలు కట్టుకుని నేర్చుకున్నాం కదా, అది వద్దు. అవి వీపు మీదకి జారితే ముఖం కిందకి పోతుంది. ఆడపిల్లల్ని తప్పకుండా పంపాలి. బిందెలతో రేవు దిగేది వాళ్లే. వాళ్లకి నేర్పడానికి చేపలవాళ్ల వీధిలో ఆడవాళ్లున్నారు, కూలి ఇచ్చి అడుగు, ఉత్తినే అడగొద్దు.

ఐదేళ్లలోపు వాళ్లకి ఈత ఒక్కటే రక్ష కాదు. వాళ్లకి గుమ్మానికి మూడడుగుల తడిక, పెరట్లో గోలేనికి మూత. ఆ పిల్లలు ఎక్కువగా పోయేది పొద్దున్న తొమ్మిది, మధ్యాహ్నం ఒంటిగంట మధ్య, తల్లి పొయ్యి దగ్గరో పొలంలోనో ఉన్నప్పుడు. బంగ్లాదేశ్‌లో ఆ నాలుగు గంటలే ఊళ్లో ఒకావిడ ఇంట్లో పిల్లలందర్నీ కూచోబెడతారు. మన అంగన్‌వాడీ ఉండనే ఉంది, చిన్నపిల్లల్ని తీసుకెళ్లడం మనమే బద్ధకిస్తాం.

బాబాయి నెల మాసికానికి ఊరందరికీ భోజనాలు పెడతానంటున్నాడట. కాదనకు, కానీ ఒక మాట చెప్పు. పి.గన్నవరం అక్విడక్టుకి ఎవరి పేరు పెట్టారో ఆ డొక్కా సీతమ్మగారు ఆకలేసినవాడికి పెట్టింది. ఇప్పుడు మనూళ్లో ఆకలి ఎవరికుంది? బంధువుల వరకూ పెట్టి, మిగిలింది మంచెకి వెయ్యమను. వెదురు రావులపాలెం నుంచి తోలాలి. ట్రాక్టరు కిరాయికి బయట అడగొద్దు. ఆ మట్టి తవ్వినాయన్నే అడగండి. నువ్వు వెళ్లి అడుగు, తమ్ముణ్ణి పంపొద్దు. కిరాయి ఇవ్వబోతే ఆయన తీసుకోడు, అప్పుడు బలవంతపెట్టకు. మొదటి ఐదుగురు పిల్లల్లో ఆయన కొడుకు పేరు రాయించు. పిన్నికి కష్టంగా ఉంటుంది, ఉండనీ, రెండోరోజు నుంచైనా సరే. వాణ్ణి నీళ్లలోకి దిగమని మాత్రం ఎవరూ తొందరపెట్టొద్దు. మొదటి వారం గట్టుమీద కూచుని తాడు పట్టుకున్నా చాలు.

వేసవిలో కాలవ కట్టేశాక గొయ్యి సంగతి. ఇప్పుడే ఇరిగేషన్ ఏఈ గారికి అర్జీ ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకో, కాలవ చూసుకునే లస్కరుకీ చెప్పి ఉంచు. పూడ్చేటప్పుడు మట్టి ఒక్కసారి పోసెయ్యకూడదు. అడుగు మందం పోసి, తడిపి, దిమ్మిస కొట్టి, మళ్లీ అడుగు. ఊరికే పోస్తే జూన్లో నీళ్లొదలగానే ఊబి అవుతుంది, అది గొయ్యి కంటే పాపిష్టిది.

కొబ్బరి దింపు డబ్బులు వచ్చాయా? ఈసారి కాయ చిన్నదన్నావు. అమ్మ పెట్టిన మాగాయ అయిపోవచ్చింది, అడుగున నూనె మిగిలితే దాన్నే అన్నంలో కలుపుకుంటున్నాను. పిన్నితో నా మాటగా ఏమీ చెప్పకు. ఫోన్లో ఆవిడ గొంతు వినే ధైర్యం వచ్చాక నేనే చేస్తాను.

తాడు నువ్వే స్వయంగా అమలాపురం వెళ్లి కొను, కుర్రాళ్లని పంపొద్దు. డబ్బిచ్చే ముందు జానెడు ముక్క కోయించి బకెట్లో వేసి చూడు. మునిగితే ఇంకో కొట్టుకి వెళ్లు.

నీ తమ్ముడు